ఉప్పుకాలువకి లిబరేటర్ తలుపు

నా సవతిని చూడటానికి కోనసీమ వెళ్ళి వచ్చాను. ఈ మాట అన్నప్పుడు మా వీధిలో ఇద్దరు ముగ్గురు మొహం అదోలా పెట్టారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, సవతి మనిషి కాదు. నాలుగు ఇంజన్ల బాంబర్ విమానం. పేరు లిబరేటర్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ళు తయారు చేశారు. మా ఆయన కుర్రతనంలో ఎయిర్ ఫోర్సులో చేరి, పూణేలో ఆ విమానాలకి మెకానిక్కుగా పనిచేశారు. నేను కాపురానికి వచ్చేనాటికే వాటిని పక్కన పెట్టేశారు. సవతి రిటైరైందే గానీ మా ఇల్లు మాత్రం ఖాళీ చేయలేదు.

అన్నం తింటుంటే లిబరేటర్, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే లిబరేటర్. దాని రెక్క సన్నగా, పొడుగ్గా, ఒంటికి పైభాగాన ఉంటుందట. అందుకే మిగతా బాంబర్లు చేరలేనంత దూరం సముద్రం మీదికి పోయి జలాంతర్గాముల్ని వెతికేదట. తోకకి రెండు పెద్ద చెవులుంటాయట. పొట్ట మాత్రం నేలకి మరీ దగ్గర. బాంబుల గదికి మామూలు తలుపులు పెడితే తెరిచినప్పుడు నేలకి తగులుతాయి కాబట్టి, కొట్టు షట్టర్‌లా పొట్ట పక్కల మీదికి జరిగిపోయే తలుపులు పెట్టారు. ఆ తలుపుల పని మా ఆయనది. చివర్ల ఉండే చిన్న చిన్న రోలర్లకి గ్రీజు పెట్టడం, అవి నడిచే పట్టాలు తుడవడం.

"ఆ తలుపుని ఒక వైపు నుంచి పట్టుకుంటే చాపలా చుట్టుకోవాలి. ఇంకో వైపు నుంచి పట్టుకుంటే దూలంలా నిలబడాలి. రెండూ ఒకే రేకులో. అదీ దాని కిటుకు" అనేవారు. గొప్ప ఎంత చెప్పేవారో లోపమూ అంతే చెప్పేవారు. విమానం సముద్రం మీద దిగాల్సి వస్తే మొట్టమొదట లోపలికి పోయేది ఆ తలుపేనట. దాని వెనకే నీళ్ళు. "అది నీటికి ఆగదు" అని ముగించేవారు. ఆ మాట దగ్గర ఆయన గొంతు మారేది. తలుపు ఆయన కట్టింది కాదు, లోపం ఆయనది కాదు. అయినా ఏళ్ళ తరబడి చేత్తో తుడిచిన వస్తువు కదా, దాని తప్పు తన మీద వేసుకునేవారు.

పోయిన ఏడాది ఆయన ఆసుపత్రిలో ఉండగా అమలాపురం నుంచి ఫోన్లో ఒక ఫొటో వచ్చింది. పంపినావిడ రత్నకుమారి గారు, అక్కడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడ అన్నయ్యా మా ఆయనా పూణేలో ఒకే గదిలో ఉండేవారు. ఆ అన్నయ్య గారు ఎప్పుడో పోయారు. రాజోలు అవతల, సముద్రం దగ్గర, తమ పుట్టింటి ఊళ్ళో ఉప్పుకాలువ తూముకి పాత రేకు తలుపు ఒకటి ఉందని, యుద్ధకాలంలో సముద్రంలో పడిన విమానానిదని కొందరు, కాదని కొందరు అంటున్నారని, చూసి చెప్పమని ఆవిడ రాశారు. ఆయన రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూశారు. "తారు పూసేశారు, ఏం కనపడట్లేదు. ఇంటికెళ్ళాక ఇద్దరం వెళ్ళి చూద్దాం" అన్నారు. ఆయన ఇంటికి రాలేదు.

ఈ కార్తీకంలో రత్నకుమారి గారు మళ్ళీ ఫోన్ చేశారు. కోతలయ్యాక తూముకి కొత్త ఇనప తలుపు పెడుతున్నారట. పాతది విమానానిదే అయితే చర్చి ఆవరణలో పెట్టుకుంటారు. కాకపోతే పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తారు. "తేల్చి చెప్పేవాళ్ళు లేరండి వదినగారూ" అన్నారు. నేనున్నానుగా అన్నాను. ఫోన్ పెట్టేశాక భయం వేసింది. జన్మలో ఒక్క లిబరేటర్నీ చూసినదాన్ని కాదు.

రావులపాలెం, కొత్తపేట

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. మా విశాఖలో కండక్టరు "దిగాలి దిగాలి" అని బస్సు రేకు మీద కొడతాడు. ఇక్కడి కండక్టరు ఒక్కొక్కళ్ళ దగ్గరికి వంగి "దిగుతారాండి?" అని అడుగుతున్నాడు. దిగనంటే ఊరుకునేలా ఉన్నాడు.

రావులపాలెంలో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో పూతరేకుల పెట్టె ఉంది. బస్సు కదలగానే మూత తీసి, "తీసుకోండి, దారిలో తినడానికేనండి" అంది. మొహమాటపడితే బాగుండదని ఒకటి తీసుకున్నాను. ఆ రేకు చేతిలో పడగానే మా ఆయన మాటే. లిబరేటర్ ఒంటి మీది రేకు ఎంత పలచనంటే స్క్రూడ్రైవర్ జారితే చిల్లు పడేదట. అంత పలచటి ఒంట్లో పదిమంది దాకా కూర్చుని, గంటల తరబడి చలిలో సముద్రం మీద తిరిగేవారు. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆయ్, పాపం, వాళ్ళకి తినడానికేం పెట్టేవారండీ?" అని అడిగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ ప్రశ్న నాకే తోచలేదు.

కొత్తపేటలో బస్సు కాసేపు ఆగింది. బొండం తాగుదామని దిగాను. కొట్టేవాడు కత్తి ఎత్తి ఆగిపోయాడు. "నీళ్ళే కావాలాండి, మీగడ కూడానా? మీగడైతే ఎంత మందం కట్టుండాలండి?" మా ఊళ్ళో చేతికి ఏది దొరికితే అది కొట్టి స్ట్రా గుచ్చుతారు, డబ్బు మాత్రం దీనికి రెట్టింపు తీసుకుంటారు. నాకు లేత మీగడ ఉన్నది కావాలన్నాను. అతను నాలుగింటిని వేలితో తట్టి చూసి ఒకటి ఎంచాడు. చిప్పతో గీక్కుని తింటూ ఉండగా బస్సు హారన్ కొట్టింది. పరిగెత్తబోతే, "ఉంటాదండి బస్సు, తినేసి వెళ్ళండి" అన్నాడు. నిజంగానే ఉంది.

అమలాపురం

రత్నకుమారి గారు బస్టాండుకే వచ్చేశారు. తెల్లగా నెరిసిన జడ, గంజి పెట్టిన చీర, చేతిలో గొడుగు. నన్ను చూడగానే "వదినగారండీ" అని రెండు చేతులూ పట్టుకున్నారు. మేం కలవడం అదే మొదటిసారి.

ఇంటికెళ్ళాక వంటింటి గుమ్మంలో నిలబడి కాస్త ఇబ్బంది పడుతూ అడిగారు. "కార్తీకం కదండీ, నీచు తింటారా? మేం క్రైస్తవులం, మాకు పట్టింపు లేదు. మీకోసం పనసపొట్టు కూర వేరే చేయించేను. గోంగూర రొయ్యలు కూడా ఉన్నాయి."

"సవతిని చూడ్డానికి వచ్చినదానికి నియమాలేంటండీ, రెండూ పెట్టండి" అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వారు. మా ఇంట్లో పనసపొట్టు ఎప్పుడు చేసినా పీచు పీచుగా ఉండేది. ఇక్కడ ఆవ ఘాటు ముక్కుకి ఎక్కి కళ్ళనీళ్ళు తెప్పించింది. ఆ కూర మా ఆయనకి ప్రాణం. ఆయన ఉంటే మూడోసారి కూడా వడ్డించుకునేవారు.

భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, ఆవిడ అన్నయ్య చెప్పిన కథా మా ఆయన చెప్పిన కథా పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. దాదాపు ఒకటే. యుద్ధం ముగిశాక తెల్లవాళ్ళు ఈ విమానాల్ని కాన్పూరులో వదిలేసి వెళ్ళిపోయారు. ఊరికే వదల్లేదు. ఇంకెవరికీ పనికిరాకూడదని ఇంజన్లలో ఇసక పోశారు, అద్దాలు పగలగొట్టారు, రెక్కలు విరిచారు. మనవాళ్ళు దీని చెయ్యి దానికీ, దాని కాలు దీనికీ తగిలించి వాటిని మళ్ళీ ఎగిరేలా చేశారు. తర్వాత ఇరవై ఏళ్ళ పాటు అవి మన తీరాలకి కాపలా తిరిగాయి. మిగతా దేశాలన్నీ వాటిని తుక్కు చేసుకున్నాక, చూపించడానికి ఒక్కటైనా ఉండాలని మన దగ్గర తిరిగినవాటిని అడిగి పట్టుకెళ్ళి మ్యూజియాల్లో పెట్టుకున్నారట.

"చూడకుండానే మీకింత ఎలా తెలుసండీ?" అన్నారు రత్నకుమారి గారు.

"కాపురం చేశాను కదండీ."

అప్పుడు ఆవిడ అసలు సంగతి చెప్పారు. తూము కాపలా కరుణమ్మది. విమానం పడినప్పుడు తలుపుని అలల్లోంచి లాక్కొచ్చింది ఆమె తాత. ఆ కుటుంబానికి పొలం లేదు, పెద్ద చదువులు లేవు. ఊళ్ళో వాళ్ళకున్న పేరల్లా ఆ తలుపే. "విమానానిది కాదని తేలితే, తాత అబద్ధం చెప్పేడని తేలినట్టేనండి. మీరు వస్తున్నారని చెప్పిన దగ్గర్నుంచి ఆమెకి తిండి సయించట్లేదు" అన్నారు.

మా ఆయన కోసం చేస్తున్న పని అనుకుని బయల్దేరాను. ఇది విన్నాక బరువు రెండింతలైంది.

బండారులంక

మర్నాడు సముద్రం నీళ్ళెక్కే పోటూ, తీసే పాటూ మాకు అనువైన వేళకి కుదరవని, ఎల్లుండి రమ్మని కరుణమ్మ కబురు పంపింది. ఆ ఖాళీలో రత్నకుమారి గారు నన్ను బండారులంక తీసుకెళ్ళారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతగాడు తల ఎత్తకుండానే "ఎక్కడ్నించి వచ్చేరండి?" అని అడిగి, విశాఖ అనగానే ఉక్కు ధర అడిగాడు. నాకు తెలియదన్నాను. పప్పు ధర అడిగాడు, అది తెలుసు. బేరం మొదలయ్యాక అతను ఒక్క రూపాయి కూడా తగ్గలేదు, కానీ ప్రతి "తగ్గదండి"కీ ముందు ఒక చిరునవ్వు నవ్వాడు. నెమలిపింఛం రంగు చీర ఒకటి కొన్నాను. ఆయన పోయాక రంగు చీర కొనుక్కోవడం అదే. రత్నకుమారి గారు నా చేతిలోంచి సంచీ అందుకున్నారు.

రాజోలు దాటాక

ఆ ఊరి పేరు రాయను. రాస్తే మీకంటే ముందు పాతసామాన్ల వాళ్ళు వెళ్తారు. రాజోలు నుంచి ఆటోలో, కొబ్బరితోటల మధ్య నుంచి, చేపల చెరువుల గట్ల మీదుగా, గాలి ఉప్పగా తగిలేదాకా వెళ్ళాం. ఆటో ఆగినచోట ఒక కాలువ, దాని మీద ఒక్క తాటిదుంగ. తూము అవతల గట్టున.

లిబరేటర్ బాంబుల గది మధ్యలో కూడా ఇలాంటిదే ఒక్క పలక ఉండేదట. ముందు నుంచి వెనక్కి పోవాలంటే అటూ ఇటూ బాంబుల మధ్య ఆ పలక మీద నడవాల్సిందే. "నువ్వైతే నడవలేవు" అని నన్ను ఆటపట్టించేవారు. చూడండి మరి అనుకుని దుంగ మీద కాలు పెట్టాను. సగం దాటాక చెప్పు జారి కాలువలో పడింది. ఆగి దాన్ని చూస్తూ ఉండిపోయాను. "చెప్పు పోతే పోయిందండి, మీరు రండి" అని రత్నకుమారి గారు వెనక నుంచి కేకేశారు. రెండోదీ విప్పి కాలువలోకి విసిరేసి, ఉత్తకాళ్ళతో దాటేశాను. దాటాను సుమండీ అని మా ఆయనకి మనసులోనే చెప్పుకున్నాను.

గట్టు మీద ఇద్దరున్నారు. ఒకామె చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది, యాభై ఏళ్ళుంటాయి, కరుణమ్మ. రెండో ఆయన పోలయ్య గారు, జాలరి. తూము ఎత్తినప్పుడు నీటితో వచ్చే చేపలకి వల పెట్టుకుంటాడు. ఆమె చర్చికి, ఆయన గంగమ్మకి. ఇద్దరూ రోజూ ఒకే తాడు లాగుతారు.

అప్పుడు పోటు మీదుంది. తూముకి ఇటు సముద్రపు నీళ్ళు నిండుగా, మూర ఎత్తు పైకి వచ్చి కొట్టుకుంటున్నాయి. అటు పక్కన కంకి వేసిన వరి. మధ్యలో ఒక నల్లటి రేకు. ఏటేటా తారు పూసీ పూసీ దళసరెక్కిపోయింది. "అది నీటికి ఆగదు" అనే మాట నా చెవిలో అలాగే ఉంది. నా ఎదురుగా ఉన్నదేమో ఆగుతోంది. ఇది ఆయన తలుపు కాదేమో అనిపించింది. కొత్త ఇనప తలుపు పక్కనే కొబ్బరిచెట్టుకి ఆనించి ఉంది, ఎర్ర రంగు ఇంకా చేతికి అంటుతోంది.

"లాంచీ డెక్కు రేకండి ఇది" అన్నాడు పోలయ్య గారు మర్యాదగానే. "విమానంలో దొర శవం కొట్టుకొచ్చింది నిజమే, మా నాయన కళ్ళారా చూసేడు. మన సమాధుల్లోనే పెట్టేరు. తర్వాత పట్నం నుంచి వాళ్ళవాళ్ళొచ్చి తవ్వుకుని తీసుకెళ్ళిపోయేరు. రేకు వచ్చింది మాత్రం వేరే రోజండి."

కరుణమ్మ ఆయన వైపు చూడలేదు. "మా తాత మొదట ఒట్టి రేకే దింపేడంటండి. మొదటి పెద్ద పోటుకే లోపలికి పోయిందంట. అప్పుడు తీసి, వెనకాల తాటిదూలాలు కొబ్బరితాళ్ళతో కట్టేడు. అప్పట్నించి కదల్లేదండి" అంది.

లోపలికి పోయింది. ఆ మాట విన్నాక నాకు కాస్త ఊపిరి వచ్చింది. కానీ లోపలికి పోయే రేకులు లోకంలో చాలా ఉంటాయి. పాటు వచ్చేదాకా గట్టున కూర్చున్నాం. కరుణమ్మ ఎండుచేపల పులుసూ అన్నం పెట్టింది, తను మాత్రం తినలేదు.

పాటు

నీళ్ళు తీశాక ఇద్దరూ గిలక మీది తాడు పట్టుకున్నారు. నేను లేవబోతే కరుణమ్మ ఆగమంది. వంగి, రేకు మీద పిడికిలితో మూడుసార్లు కొట్టింది. "దొరగారండీ, ఎత్తుతున్నామండీ" అంది. పక్కనున్న పోలయ్య గారు, అలాగేనండీ అన్నట్టు, "ఆయ్" అన్నాడు. అప్పుడు లాగారు.

ఇదేంటని అడిగితే రత్నకుమారి గారు నా చెవిలో చెప్పారు. సమాధిలోంచి దొరని తీసుకెళ్ళిపోయారు కదా, ఇక ఆయనకి ఇక్కడ మిగిలింది ఈ తలుపే. చెప్పకుండా ఎత్తకూడదు, దింపకూడదు. జవాబు రాకుండా అసలే కూడదు. ఆయన పలకలేడు కాబట్టి ఎవరో ఒకరు పలకాలి. కరుణమ్మ తాత నాటి నుంచి అంతేనట.

"లాంచీ రేకంటున్నారుగా, మరి మీరెందుకు పలుకుతున్నారండీ?" అని పోలయ్య గారిని అడిగాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "ఎవరిదైతే ఏమండి, పిలిచినప్పుడు ఒకరు పలకాలి కదండి."

తలుపుని పూర్తిగా పైకి తీసి గట్టు మీద పడుకోబెట్టారు. నేను ముందు చివర్లు చూశాను. రోలర్లు లేవు. తూము గాడిలో పట్టడం కోసం తాత రెండు చివర్లూ రంపంతో కోసేశాడు. కరుణమ్మ నా మొహం చూసి, "కాదాండి?" అంది.

"తాళ్ళు విప్పండి" అన్నాను. "దూలాలు తీసేయండి. చాప చుట్టినట్టు చుట్టాలి."

కొబ్బరితాళ్ళు తారుతో బిగుసుకుపోయి ఉన్నాయి. కోసేద్దామంటే మళ్ళీ కట్టడానికి కావాలి. పోలయ్య గారు వల అల్లే సూదితో ఒక్కో ముడీ విప్పాడు. చాలాసేపు పట్టింది. నీళ్ళు మళ్ళీ ఇటు తిరిగే వేళ దగ్గరపడుతోందని రత్నకుమారి గారు రెండుసార్లు గుర్తుచేశారు. దూలాలు ఊడాక నేను ఒక అంచు, కరుణమ్మ ఎదుటి అంచు పట్టుకున్నాం. ఎత్తాం.

తారు పటపటమని పగిలింది. పగిలిన చోటల్లా తెల్లటి లోహం, దాని మీద వరసగా మడతలు. రెండు అంచులూ ఒకదానివైపు ఒకటి వంగుతూ వచ్చాయి. ఇంకాస్త ఎత్తితే కరుణమ్మ చేతులూ నా చేతులూ కలిశాయి. రేకు మా మధ్య చాపలా చుట్టుకుని ఉంది.

"ఇప్పుడు కోసిన చివర్ల దగ్గర పట్టుకోండి" అన్నాను. పోలయ్య గారూ ఆమే అటూ ఇటూ పట్టుకుని ఎత్తారు. ఎక్కడా వంగలేదు, దూలంలా నిలబడింది.

"ఇదేనండి. లిబరేటర్ తలుపు. మీ తాత నిజమే చెప్పాడు" అన్నాను. నాకు ఏడుపు వచ్చేసింది, దాచుకోలేదు. కరుణమ్మ రేకు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ రేకు కూడా అదే కొంగుతో తుడిచింది.

పోలయ్య గారు రేకు మీద చెయ్యి వేసి అడిగాడు. "అయితే ఈ తలుపు లోపలికి పోబట్టే విమానంలో ఆ పిల్లలు ములిగిపోయేరాండి?"

"అయ్యుండచ్చండి. మా ఆయన అలాగే అనేవారు."

"అదొక్కటే కదండి అక్కడుంది, వెనకాల దన్ను లేదు" అన్నాడు ఆయన. అని దూలాలు తీసుకుని మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ఈ మాట మా ఆయన వినాల్సింది.

అప్పటికే సముద్రం నుంచి నీళ్ళు తిరిగాయి. కాలువలో గడ్డి అటు నుంచి ఇటు వాలింది. తూము తెరిచే ఉంది, కంకి మీదున్న వరికి ఉప్పునీరు తగిలితే ఊరంతా కరుణమ్మనే అంటుంది. ముగ్గురు ఆడవాళ్ళం తాళ్ళు బిగించాం. రత్నకుమారి గారి గంజిచీర నిండా తారు. నా అరచేతులు ఇవాళ్టికీ మంట పెడుతున్నాయి. కాళ్ళకింద నీళ్ళు చేరుతుండగా తలుపుని నిలబెట్టి గాడిలో పెట్టారు. తాడు పట్టుకుని, దింపబోయే ముందు, కరుణమ్మ నావైపు తిరిగింది.

"మీరు చెప్పండి అమ్మగారూ. ఇవాళ మీరు చెప్పాలి."

దొరగారికి చెప్పాలని వంగాను. ఆ రేకు మీద పిడికిలితో కొట్టాను, చల్లగా ఉంది. నోటికి దొరగారు రాలేదు.

"ఏమండీ" అన్నాను. "మీ తలుపేనండీ. నేను చూశాను. నీటికి ఆగుతోంది. దింపుతున్నామండీ."

ఎవరూ కదల్లేదు. నేను జవాబు కోసం ఆగానని నాకే అప్పుడు తెలిసింది. పోలయ్య గారు తాడు వదలకుండా, తల వంచుకుని, "ఆయ్" అన్నాడు.

దింపాం.